రాయమని కాదు, అడగమని

దక్షిణ పూర్వ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కర్గీ రోడ్ నుంచి రాస్తున్నాను. దీని హిందీ ప్రతి బిలాస్‌పూర్‌లోని మీ ఆఫీసుకు పోస్టులో వేశాను. ఇది తెలుగులో ఎందుకంటే, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఈ లైనునే నమ్ముకుని బతికిన కుటుంబాలు ఇంకా ఇటు ఉన్నాయి. ఆ ఇళ్లలో కూడా ఈ ముచ్చట నడవాలి.

స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర సాయంత్రం చేరే మా రిటైర్డు బృందంలో ఒక వాదన లేచింది. పద్దెనిమిది నిండగానే ఓటరు కార్డు తీసుకున్నట్టే లివింగ్ విల్ కూడా రాయాలట, దాన్ని తప్పనిసరి చేసేయాలట, మొదట రైల్వేలో చేరే కుర్రాళ్లతో మొదలుపెట్టాలట. స్పృహ పోయి, తిరిగి కోలుకునే ఆశ లేని స్థితిలో పడితే తనకు ఏ చికిత్స వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే కాగితం అది. వాదనలో సగం నాకు నచ్చింది. రెండో సగం గురించే ఈ ఉత్తరం.

నచ్చిన సగం ముందు చెబుతాను. ఇది ముసలివాళ్ల వ్యవహారం అనుకుంటాం గానీ, కోర్టుల చరిత్ర తిరగేస్తే అంతా కుర్ర వయసే. ముంబై కెఇఎం ఆస్పత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ మీద 1973లో దాడి జరిగేనాటికి ఆమెకు 25 ఏళ్లు. ఆ తర్వాత 2015 దాకా మంచం మీదే ఉంది. అమెరికాలో స్పృహ పోయేనాటికి కేరెన్ ఆన్ క్విన్‌లన్‌కు 21, నాన్సీ క్రూజన్‌కు 25, టెర్రీ షియావోకు 26. మన ఘజియాబాద్ కుర్రాడు హరీశ్ రాణా 2013లో చండీగఢ్‌లో చదువుకుంటూ నాలుగో అంతస్తు నుంచి పడ్డాడు. పదేళ్లు దాటాక కూడా కన్నవాళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ముసలాయనకు ఏదైనా అయితే ఇంట్లో నలుగురూ ఏదో ఒక మాట మీదకు వస్తారు. పాతికేళ్లవాడి విషయంలో ఎవరికీ నోరు రాదు.

ఆ వయసువాళ్లకు ఇంత ఆలోచన ఉంటుందా అని టీ కొట్టు దగ్గర ఒకాయన అడిగాడు. హైదరాబాద్ వెంకటేశ్‌కు ఉంది. కండరాలు క్షీణించే జబ్బు, చదరంగం ఆటగాడు, 25 ఏళ్లు. అవయవాలు పాడవకముందే తీసి ఇంకొకరికి పెట్టమని 2004 డిసెంబరులో తల్లి సుజాత చేత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తలుపు తట్టించాడు. బ్రెయిన్ డెత్ కాకుండా తీయడానికి అవయవ మార్పిడి చట్టం ఒప్పుకోదు గనక కోర్టు కాదంది. ఆ వెంటనే అతను పోయాడు. అతను అడిగింది లివింగ్ విల్ కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ తన ఒంటి గురించి, తన చివరి రోజుల గురించి పాతికేళ్లవాడు అంత తేటగా చెప్పగలిగాడు.

ఇక తప్పనిసరి అన్న మాట. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో లివింగ్ విల్‌ను ఆమోదిస్తూనే, అది బలవంతం, ప్రలోభం ఏవీ లేకుండా, అన్నీ తెలిసి, సొంత ఇష్టంతో రాసినదై ఉండాలని షరతు పెట్టింది. అలాంటిది, రాయకపోతే ఉద్యోగం లేదంటే ఆ కాగితం పుట్టుకతోనే చెల్లదు.

చట్టం సంగతి అటుంచినా, సంతకాలకు టార్గెట్ పెడితే ఏమవుతుందో మా బిలాస్‌పూర్ జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2014 నవంబరు 8న పెండారీలో పెట్టిన కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒక్క డాక్టరు కొద్ది గంటల్లో 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశాడు. పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. అలాంటి శిబిరాలకు స్వస్తి చెప్పమని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ప్రభుత్వం ఫారం చేతికిచ్చి ఇక్కడ వేలిముద్ర వెయ్యి అంటే వేసే జనం మేము. ఒంటికి సంబంధించిన కాగితం మీద ఆ అలవాటు పనికిరాదు.

నా నౌకరీ అంతా ఫారాల మధ్యే గడిచింది. కొత్తగా చేరిన కుర్రాళ్ల చేత నామినేషన్లు నింపించేవాణ్ణి: నామినీ పేరు, సంబంధం, వయసు, వాటా. పెన్ను ఒక్కటే, చేతులు పది. ఒకడు పక్కవాడి కాగితం చూసి సంబంధం దగ్గర ‘మదర్’ అని దించి, ఆ ఊపులో పేరు కూడా పక్కవాడి తల్లిదే రాసేశాడు. నవ్వుకుని దిద్దించాం. అది డబ్బుల ఫారం గనక దిద్దడానికి వ్యవధి ఉంది. వెంటిలేటర్ వద్దు అన్న గడిలో కూడా ఆ కుర్రాడు అలాగే టిక్కు పెట్టి ఉండేవాడు.

అందుకే నా మనవి వేరు. రాయడం తప్పనిసరి చేయకండి, అడగడం తప్పనిసరి చేయండి. అమెరికా 1990లో చేసిన చట్టం ఈ దారే పట్టింది: ఇలాంటి కాగితం ఏమైనా రాశారా అని ఆస్పత్రే రోగిని అడగాలి, హక్కు ఇదీ అని చెప్పాలి, రాయలేదని వైద్యం ఆపడానికి మాత్రం వీల్లేదు. పూచీ సంస్థది, ఇష్టం మనిషిది.

ఇరవై రెండేళ్ల పాయింట్స్‌మన్‌ను డయాలసిస్ కావాలా, గొంతులో గొట్టం కావాలా అని అడగడం దండగ. రాబోయే జబ్బు ఏదో బ్రహ్మకే తెలియదు. అడగాల్సింది ఒక్కటే: నీకు నోరు లేనినాడు నీ మాట ఎవరు చెప్పాలి? పలాసలో అమ్మానాన్నా, కర్గీ రోడ్‌లో కులం కాని పెళ్లాం ఉన్న కుర్రాడికి ఈ ప్రశ్న ఎంత అవసరమో ఆలోచించండి. టెర్రీ షియావో భర్త ఒకటంటే తల్లిదండ్రులు ఇంకొకటన్నారు. ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడారు. అరుణ తరఫున మాట్లాడాల్సింది ఆమె మీద పుస్తకం రాసిన పింకీ వీరానీయా, ఇన్నేళ్లూ సాకిన ఆస్పత్రి సిబ్బందా అన్నది 2011లో సుప్రీంకోర్టే తేల్చింది, సిబ్బందే అని. ఆ రెండు చోట్లా ముందే రాసిన పేరు ఒక్కటి ఉంటే గొడవ సగం తగ్గేది. మీ దగ్గర గ్రాట్యుటీకి నామినీ ఉన్నాడు, చచ్చాక వచ్చే డబ్బుకు. బతికుండగా ఒంటికి లేడు.

సాధనాలు మీ దగ్గరే ఉన్నాయి. ఈ కాగితానికి మొదట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు గానీ, 2023 జనవరి 24న సుప్రీంకోర్టు ఆ మెలిక తీసేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు. గెజిటెడ్ ఆఫీసర్లకు రైల్వేలో కరువా? మీ సెంట్రల్ హాస్పిటల్ డాక్టరు ఒకరు అరగంట కూర్చుని అందరికీ హిందీలో, ఛత్తీస్‌గఢీలో, తెలుగులో అర్థమయ్యేలా చెప్పే ఏర్పాటు చేయండి. ‘ఇప్పుడు చెప్పను’ అని కూడా ఒక గడి పెట్టండి, ఆ గడి సర్వీసు బుక్కులోకి ఎక్కకూడదు. పీఎంఈకి, అంటే మధ్యమధ్య జరిగే వైద్య పరీక్షకు, వచ్చిన ప్రతిసారీ మళ్లీ అడగండి. పెళ్లవుతుంది, మనసు మారుతుంది, రాసింది ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని తీర్పులోనే ఉంది.

ఒక జాగ్రత్త మాత్రం కఠినంగా ఉండాలి. ఉద్యోగి ఆస్పత్రి బిల్లు కట్టేది రైల్వేనే. బిల్లు కట్టేవాడి చేతికే ‘వైద్యం ఇంతటితో చాలు’ అన్న కాగితం అప్పగించకూడదు. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, రేపు ఖర్చులు కోసే అధికారి ఎవరొస్తారో? కాబట్టి అసలు కాగితం ఉద్యోగి ఇంట్లో ఉండాలి, తీర్పు చెప్పినట్టు ఒక నకలు స్థానిక సంస్థ అధికారి దగ్గర ఉండాలి. మీ వైద్య గుర్తింపు కార్డు ‘ఉమీద్’ రికార్డులో ఎవరిని పిలవాలన్న పేరు, ఫోను నంబరు ఉంటే చాలు. సంతకం చేసే ఆఫీసరు కూడా ఆ కుర్రాడి పైవాడు కాకుండా వేరే డిపార్ట్‌మెంటువాడైతే మేలు. పైవాడి ముందు మావాళ్లు కాదనరు.

ఉద్యోగంలో చేరే శుభమా అని ఈ మాటేంటి, తథాస్తు దేవతలు ఉంటారు అని ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు, నాకు తెలుసు. మా ఆవిడే అంది. ఎల్ఐసీ ఏజెంటు ఇదే మాట ముప్ఫై ఏళ్లుగా మా వరండాలో కూర్చుని చెబుతున్నాడు, కాఫీ ఇచ్చి మరీ వింటున్నాం గదా అన్నాను. ఆవిడ దానికి జవాబు చెప్పలేదు గానీ, తన పేరు రాస్తానంటే మాత్రం వద్దంది: ‘ఆ మాట నా నోట రాదు, మీ తమ్ముడి పేరు రాయండి.’ చూశారా, అడిగితేనే గదా తెలిసింది.

తదుపరి బ్యాచి చేరేనాటికి ఈ ఒక్క పేజీ వాళ్ల ఫారాల్లో కలపమని కోరుతున్నాను. తెలుగు ప్రతి నేను ఉచితంగా రాసిపెడతాను. పేరు రాసే గడిలో కాస్త ఎక్కువ జాగా వదలండి, మావాళ్ల ఇంటిపేర్లు పొడుగు.

ఇట్లు,
కర్గీ రోడ్ నుంచి ఒక రిటైర్డు గుమాస్తా