గేటు దగ్గర నిజం చెప్పినోని హాజరు కొట్టేయొద్దు



మనలో చాలామంది బిల్డింగు పనులతో పాటు తిండి ఫ్యాక్టరీల లోపలికి కూడా పోతున్నరు. బిస్కెట్ల ఫ్యాక్టరీ, పాల ఫ్యాక్టరీ, కోడిమాంసం కట్ చేసి ప్యాక్ చేసేది, జ్యూసులది. ఫ్లోరింగు, సీలింగు ప్యానెళ్లు, డక్టింగు, డ్రెయిన్ల రిపేరు, వెల్డింగు, ఏదో ఒక పని అక్కడ ఎప్పుడూ నడుస్తనే ఉంటది. గేటు దగ్గర సెక్యూరిటీ ఒక ఫారం ఇస్తడు. కోటు వేసుకుని వచ్చిన విజిటర్‌కైనా, డ్రిల్లు మెషిన్ మోసుకొచ్చిన మనకైనా అదే ఫారం. ఆ ఫారం గురించే ఈ నాలుగు మాటలు.

అందులో ఏమి అడుగుతరు? ఈ రెండు రోజుల్లో వాంతులు, మోషన్లు అయినయా. జ్వరంతో గొంతునొప్పి ఉందా. కామెర్లు ఉన్నయా. చేతి మీద, ముఖం మీద చీము పట్టిన పుండు, సెగగడ్డ ఉన్నదా. చెవి, ముక్కు, కండ్ల నుంచి ఏమన్నా కారుతున్నదా. కొన్ని చోట్ల ఈ మధ్య వేరే దేశం పోయి వచ్చినవా అని కూడా అడుగుతరు. అంటే లీవు మీద ఊరికి పోయొచ్చిన ప్రతి ఒక్కడూ దానికి "అవును" అనే టిక్ పెట్టాలె.

మనోళ్లకు ఇది అవమానంగా అనిపిస్తది. "నేను తిండి ముట్టుకునేటోణ్ని కాదు, పైన డక్టు బిగించేటోణ్ని, నా కడుపు సంగతి వాళ్లకెందుకు?" అంటరు. ఎందుకో చెప్త. నోరోవైరస్ అని వాంతులు, మోషన్లు తెచ్చే వైరస్ ఒకటి ఉంది. అది కంటికి కనపడనంత కొంచెం లోపలికి పోయినా చాలు, మనిషి పడిపోతడు. మనం తిండిని ముట్టుకోం గాని తలుపు హ్యాండిల్ ముట్టుకుంటం, నల్లా తిప్పుతం, మెట్ల రెయిలింగు పట్టుకుంటం. అదే హ్యాండిల్‌ను లైను మీద పనిచేసే మనిషి పట్టుకుంటది. మోషన్లు ఆగినంక కూడా 48 గంటలు తిండి దగ్గరికి రావద్దు అని చాలా చోట్ల రూలు పెట్టేది అందుకే. చేతికి జెల్ రాసుకుంటే సరిపోతదని అనుకోవద్దు, ఈ వైరస్ మీద అది సరిగ్గా పనిచెయ్యదు. సబ్బుతో, నీళ్లతో కడగాల్సిందే.

మన పనికే సంబంధించింది ఇంకొకటి ఉంది, లిస్టీరియా అనే బ్యాక్టీరియా. ఇది ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతది. డ్రెయిన్లల్ల, పగిలిన ఫ్లోరు కింద, తడిసిన ఇన్సులేషన్‌లో దాక్కుంటది. ఆ డ్రెయిన్ పగలగొట్టేది ఎవరు, ఆ ఫ్లోరు తవ్వేది ఎవరు? మనమే. 2017, 2018లో దక్షిణాఫ్రికాలో ఇదే లిస్టీరియా 1,000 మందికి పైగా అంటింది, 200 మందికి పైగా చచ్చిపోయిన్రు. పోలోనీ అనే మాంసం తయారుచేసే ఫ్యాక్టరీ దాకా దాని జాడ పోయింది. అక్కడ తప్పు కాంట్రాక్టు పనోళ్లది అని నేను అంటలేను. ఫ్యాక్టరీలో దాగిన క్రిమి ప్యాకెట్‌లోకి పోతే ఏమైతదో చెప్తున్న. అందుకే మనం పనిచేసే జాగకు ప్లాస్టిక్ షీటు కట్టమంటరు, దుమ్ము లేపొద్దంటరు, ఒక జాగలో వేసుకున్న బూట్లతో ఇంకో జాగకు పోవద్దంటరు. ఇదంతా న్యాయమే.

ఇంతవరకు ఫ్యాక్టరీ వాళ్ల పక్షాన మాట్లాడిన. ఇక అసలు సంగతి.

ఒక తమ్మునికి రాత్రి మూడుసార్లు మోషన్లు అయినయి అనుకోండి. పొద్దుగాల బస్సెక్కి గేటు దగ్గరికి వచ్చిండు. ఫారంలో నిజం టిక్ పెట్టిండు. సెక్యూరిటీ లోపలికి పోనియ్యడు, అది కరెక్టే. మరి ఆ తమ్ముడు యాడికి పోవాలె? క్యాంపు గంటన్నర దూరం, బస్సు సాయంత్రం గాని రాదు. బయట ఎండలో కూసుంటడు. నెలాఖరుకు షీటులో ఆ రోజు ఆబ్సెంటు, ఓటీ కూడా పోయింది. రూమ్‌కు వచ్చి ఈ ముచ్చట చెప్తడు. ఆ రూమ్‌లో ఉన్న ఎనిమిది మందిలో మళ్లీ ఎవడన్న నిజం టిక్ పెడతడా?

అందుకే ఈ ఫారాలన్నీ "లేదు, లేదు, లేదు" అని నిండి ఉంటయి. ఆడిటుకు వచ్చినాయన ఫైలు తిరగేసి సంతోషపడతడు. నా మాట ఏందంటే, ఏడాది పొడుగునా వందల మంది వచ్చిపోయే గేటులో ఒక్కడు కూడా "అవును" అనలేదంటే అక్కడ రోగం లేదని కాదు, నిజం చెప్పేటోడు లేడని. ఒక్క రోజు కూలి మిగిలిందని కంపెనీ అనుకుంటది, ఆ రోగం మాత్రం లోపలికి పోయింది.

చట్టం ఏమంటదో కూడా తెలుసుకోండి. నేను యూఏఈ సంగతి చెప్తున్న, ఒమన్, సౌదీలో ఉన్నోళ్లకు వాళ్ల చట్టాలు వేరే. ఇక్కడ 2021లో వచ్చిన 33వ నంబరు లేబర్ చట్టం ప్రకారం ప్రొబేషన్ అయిపోయినోనికి ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవు ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగిలిన రోజులకు జీతం లేదు. మూడు పని దినాల లోపల కంపెనీకి చెప్పాలె, డాక్టరు కాగితం ఇయ్యాలె. కాబట్టి గేటు దగ్గర వాపసు పంపితే ఊకె కూసోకుండా క్లినిక్‌కు పోయి కాగితం తెచ్చుకోండి. ఆ కాగితమే మీ జీతం.

ప్రొబేషన్‌లో ఉన్నోనికి మాత్రం జీతంతో సిక్ లీవు లేదు. ఆ ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండొచ్చు. సప్లై కంపెనీ కింద గంటల లెక్కన పోయేటోనికైతే చట్టం ఉన్నా చేతికి వచ్చేది తక్కువే. అబద్ధం టిక్ పెట్టేది ఎక్కువ వీళ్లే. అందుకు వీళ్లను తిట్టి లాభం లేదు. కాంట్రాక్టు కంపెనీ కొటేషన్‌లో హెయిర్ నెట్లకు, షూ కవర్లకు, పర్మిట్లకు పైసలు రాస్తది కద, గేటు దగ్గర వాపసు అయినోని ఒక రోజు కూలి కూడా రాయాలె. పది మంది పనికి ఇండక్షన్ అయిన పదకొండో మనిషిని కూడా చూపియ్యాలె. ఫ్యాక్టరీ వాళ్లు దానికి ఒప్పుకోవాలె, మేలు వాళ్లదే కాబట్టి.

"అట్లయితే అందరూ కడుపునొప్పి అనుకుంట పండుకుంటరు" అని నాతోటి ఫోర్‌మన్లే అంటరు. అప్పు తీర్చనీకి వచ్చినోడు ఓటీ వదులుకుని ఒట్టి రూమ్‌లో ఎన్ని రోజులు పండుకుంటడు? అనుమానం ఉంటే క్లినిక్‌కు పంపండి, తేలిపోతది. చేతికి సెగగడ్డ ఒక్కటే ఉన్నోడైతే పండుకునే పని కూడా లేదు, బయట యార్డులో వాడు చెయ్యగలిగే పని ఏదన్న ఇయ్యొచ్చు. ప్రొడక్షన్‌లోకి పోవద్దు, అంతే.

భాష సంగతి కూడా చెప్పాలె. ఫారం ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంటది. ఒక చాక్లెట్ ఫ్యాక్టరీ తలుపు మీద "నో నట్స్" అని రాసి ఉంటే మా ఫిట్టర్ ఒకాయన బోల్టుల సంచి పట్టుకుని ఆగిపోయిండు. "నట్లు లేకుంటే బోల్టు ఎట్ల బిగియ్యాలె సార్?" అన్నడు. అందరం నవ్వినం. గాని ఆయన టిఫిన్ డబ్బాలో ఉన్నది పల్లి చట్నీ. పల్లీలు పడనోనికి కొంచెం తగిలినా ప్రాణం మీదికి వస్తది, జెల్ రాసుకుంటే ఆ అంటు పోదు. ఇది ఆయనకు తెలుగులో ఎవరూ చెప్పలేదు, సంతకం మాత్రం తీసుకున్నరు. ప్రపంచమంతా చూసే కోడెక్స్ పరిశుభ్రత నియమాలను 2020లో మార్చిన్రు. మెయింటెనెన్స్ పనోళ్లతో సహా బయటి నుంచి వచ్చేటోళ్లకు ముందుగా నియమాలు చెప్పాలని, ఒంట్లో బాగలేకుంటే చెప్పేటట్టు ప్రోత్సహించాలని అందులో ఉంది. హాజరు కొట్టేస్తే ప్రోత్సాహం ఎట్లయితది?

ఫోర్‌మన్ అన్నలారా, పది ఫారాలకు మీరే టిక్కులు కొట్టి సంతకాలు పెట్టించొద్దు. బస్సులోనే తెలుగులో, హిందీలో చదివి చెప్పండి, ఐదు నిమిషాల పని. మొక్కు దారాలు, కంకణాలు, ఉంగరాలు ఉన్నోళ్లను ముందు రోజే అడగండి. గేటు దగ్గర కత్తెర తీసి కట్ చేస్తరంటే ఎవరికైనా బాధే. అయ్యప్ప మాల వేసుకున్న స్వామిని ఆ 41 రోజులు వేరే పనికి పెట్టండి.

ఫ్యాక్టరీ వాళ్లకు కూడా ఒక మాట. లోపల తలుపు తలుపుకు సబ్బు, వేడినీళ్లు పెడతరు, కాంట్రాక్టర్ల బాత్రూంలో మాత్రం సబ్బు ఖాళీ. ముందు అది నింపండి.

మన గ్రూపులో కొటేషన్లు తయారుచేసేటోళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నరని తెలుసు. వచ్చే పనికి "గేటు వాపసు, పూర్తి హాజరు" అని ఒక లైను రాసి చూడండి. క్లయింటు ఒప్పుకున్నా, కొట్టేసినా, ఏమన్నడో కంపెనీ పేరు లేకుండా ఇక్కడ వాయిస్ మెసేజ్ పెట్టండి.