బోల్టు తల మీద నంబరు

తుఫాను అనగానే మనం గాలి స్పీడు గురించే మాట్లాడుకుంటాం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140-150 కిలోమీటర్లు అన్నారు. మా డొంకూరు వైపు, ఉద్దానం అంతటా కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. చెట్టుని మనం డిజైన్ చెయ్యలేం. షెడ్డుని చెయ్యగలం కదా!

నేను సీఎస్ఈ, సివిల్ కాదు. అయినా గట్టిగా చెప్తాను: మన తీరంలో ఇనప షెడ్డుకి దూలం ఎంత ముఖ్యమో అతుకు అంతే ముఖ్యం. ఆ అతుకు లెక్క తెలుగులో ఉండాలి.

150 కిలోమీటర్ల గాలి అంటే చదరపు మీటరుకి సుమారు 100 కిలోల తోపు. అది రేకు నుంచి ట్రస్సుకి, బ్రేసింగ్‌కి, చివరికి ప్లేట్లని కలిపే బోల్టుకి చేరుతుంది. రెండు ప్లేట్లు చెరో వైపు లాగితే మధ్యలో బోల్టు అడకత్తెరలో పోకచెక్కే. దీన్నే సివిల్ వాళ్లు షియర్ అంటారు.

ఐఎస్ 800:2007 ప్రకారం లెక్క కడితే, మర ఉన్న చోట కోత పడే 20 మిల్లీమీటర్ల 4.6 గ్రేడు బోల్టు సుమారు 45 కిలోన్యూటన్లు, అంటే నాలుగున్నర టన్నులు మోస్తుంది. అదే సైజు 8.8 గ్రేడుది దానికి రెట్టింపు. చూడ్డానికి రెండూ ఒకటే, తేడా చెప్పేది తల మీద నంబరు. మర లేని నున్నటి భాగం మీద కోత పడేలా బిగిస్తే 4.6 బోల్టే 58 దాకా మోస్తుంది. పైసా ఖర్చు లేదు!

బోల్టు ఒక్కటే గట్టిగా ఉంటే చాలదు. గ్యాస్‌తో కోసిన ప్లేటు అంచుకీ ఈ బోల్టు రంధ్రం మధ్యకీ కనీసం 38 మిల్లీమీటర్లు వదలాలి, లేకపోతే ప్లేటే చిరుగుతుంది. ఇక ఉప్పుగాలి. తుప్పు పట్టి బోల్టు మందం పదో వంతు తగ్గితే బలం దాదాపు ఐదో వంతు పోతుంది. అందుకే సముద్రం ఒడ్డున జింకు పూత ఉన్న బోల్టులే వాడాలి.

"దానికి ఇంజనీర్లు ఉన్నారుగా" అంటారా? ఫ్యాక్టరీకి ఉంటారు. వలలు దాచుకునే షెడ్డుకీ, టీ కొట్టు ముందు రేకుల పందిరికీ వెల్డింగ్ షాపు అన్నే ఇంజనీరు. ఆయన చెయ్యి తిరిగిన మనిషి, కోడ్ పుస్తకం మాత్రం ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకే ఆ పేజీలు రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు.

ఒక్క కాగితం ఇంజనీరుకి బదులు కాదు, నిజమే. కానీ ఏ బోల్టు కొనాలో, ఎక్కడ రంధ్రం వెయ్యకూడదో అది చెప్పగలదు. సివిల్ ఫ్రెండ్స్ లెక్కలు సరిచూడండి, మన క్లబ్ తెలుగులో రాస్తుంది, నేను బొమ్మలు వేస్తాను. ఇంకో అటెండెన్స్ యాప్ కన్నా ఇది ముందు చేద్దాం. మన తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబర్, నవంబర్‌లలోనే. ఆలోపే ఆ కాగితం వెల్డింగ్ షాపుల గోడెక్కాలి.