కొలువులకూ పెండ్లిళ్ల పేరయ్యలేనా?

మన వాడల్ల ఇయ్యాల ఇంజనీర్లకు కొదవ లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ దళితవాడకు పోయినా బీటెక్ పాసయి ఇంటికాడ ఉన్న పిల్లలు కనపడుతరు. మిల్లుల్ల బస్తాలు మోసిన తండ్రులు, సాగర్ ఎడమ కాల్వ కింద ఎవరి పొలంలోనో నాట్లేసిన తల్లులు చదివించిన పిల్లలు వీళ్లు. నోటిఫికేషన్ల కోసం ఏండ్లకేండ్లు ఎదురుచూసి, అమీర్‌పేటలో కోర్సులు నేర్చి, పెద్ద కంపెనీల పరీక్షలు రాసి అలసిన వీళ్లకు ఇప్పుడొక కొత్త ఊరింపు తయారైంది. "స్టార్టప్‌లల్ల చేరండి, అక్కడ కులం అడగరు, పనితనమే చూస్తరు" అంటున్నరు.

ఈ మాటలో నిజమెంతో తేల్చాలె.

స్టార్టప్ అంటే ఐదుగురో పదిమందో కూడి పెట్టుకున్న కొత్త కంపెనీ. ఇంకా లాభం రాదు, పెట్టుబడి పెట్టినోడి పైసల మీద నడుస్తది. సర్కారు కొలువుకు నోటిఫికేషన్ ఉంటది, హాల్‌టికెట్ ఉంటది, రోస్టర్ ఉంటది, ఓడిపోతే ఎందుకు ఓడిపోయినమో అడిగే కోర్టు ఉంటది. ఈ కొత్త కంపెనీల్ల చాలావాటికి ఇవేవీ ఉండవు. కంపెనీ పెట్టినాయన తన ఐఐటీ క్లాస్‌మేట్‌ను అడుగుతడు. ఆయన తన పాత ఆఫీసు దోస్తును అడుగుతడు. ఆ దోస్తుకు ఒక బావమరిది ఉంటడు. దీన్ని వాళ్లు రిఫరల్ అంటరు. మన ఊళ్లల్ల దీన్ని పెండ్లిళ్ల పేరయ్య పని అంటం. ఆ పేరయ్య కులం, గోత్రం అడిగి జోడీ కుదుర్చుతడు. ఈ పేరయ్య ఏ కాలేజీ, ఎంసెట్ ర్యాంకు ఎంత, నాన్నగారు ఏం చేస్తరు అని అడుగుతడు. ర్యాంకు చెప్పంగనే కేటగిరీ తెలిసిపోతది. నాయిన మిల్లుల హమాలీ అని చెప్పినంక మిగతాది అడిగే పనే ఉండదు. "మా కల్చర్‌కు సరిపోరు" అని మర్యాదగా పంపిస్తరు. ఆ కల్చర్ మనకు కొత్తదా? చేదబావి కాడ చూసినం, హోటల్‌లో రెండు గ్లాసుల కాడ చూసినం.

మిర్యాలగూడ వాళ్లకు జోడీల సంగతి వేరే చెప్పాల్నా? 2018 సెప్టెంబరు 14న పెరుమాళ్ల ప్రణయ్‌ను పట్టపగలు నరికి చంపిన సంగతి ఎవరు మరిచిండ్రు? ఆ కేసులో నల్లగొండ కోర్టు తీర్పు చెప్పేసరికి 2025 మార్చి 10 అయింది. పెండ్లిలో జోడీ తప్పితే కత్తి లేస్తది. కొలువులో జోడీ తప్పితే ఫోన్ రాదు. రెండింటి వెనక లెక్క ఒక్కటే.

ఇది మా అనుమానం కాదు, పరీక్ష పెట్టి తేల్చిన సంగతి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే పండితులు 2005 అక్టోబరు నుంచి 66 వారాల పాటు పత్రికల్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపిండ్రు. చదువు సమానం, అనుభవం సమానం, పేర్లే వేరు. అగ్రకుల పేరుకు పిలుపు వచ్చే అవకాశం 100 అనుకుంటే దళిత పేరుకు 67, ముస్లిం పేరుకు 33 అని తేలింది. 2007లో ఇది అచ్చయింది. ముఖం చూడలేదు, మాట వినలేదు, కాగితం మీది పేరు చూసే పక్కన పెట్టిండ్రు. మెరిట్, మెరిట్ అని మన రిజర్వేషన్ల మీద ఒంటికాలి మీద లేచే అయ్యలు ఈ 33 మార్కుల తేడా ఏ మెరిటో చెప్పాలె.

అమెరికా పోయినా ఇదే కథ. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద దావా వేసింది. ఐఐటీలో పరిచయమున్న పైఅధికారే ఒక దళిత ఇంజనీరు కులాన్ని తోటివాళ్లకు చెప్పి వెలేసిండన్నది ఆరోపణ. కంపెనీ కాదంటున్నది. 2023లో ఇద్దరు అధికారుల మీద కేసు ఉపసంహరించి, కంపెనీ మీద మాత్రం నడిపిండ్రు. మంచి కాలేజీ దొరికితే కులం పోతదనుకునే మన తల్లిదండ్రులు ఈ ముచ్చట వినాలె.

ఇగ వాళ్ల చివరి మాట ఒకటుంటది: మా సొంత పైస, మా ఇష్టం. ఎవరి పైస? టీ-హబ్‌ను 2015 నవంబరులో గచ్చిబౌలిలో తెరిచింది రాష్ట్ర ప్రభుత్వం. 2022 జూన్‌లో దానికి దాదాపు 5 లక్షల 80 వేల చదరపు అడుగుల కొత్త భవనం ఇచ్చింది. 2023లో సూర్యాపేటకూ ఐటీ హబ్ వచ్చింది. కేంద్రం 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా మొదలుపెట్టి, అర్హత పొందిన కంపెనీలకు మూడేండ్ల ఆదాయపు పన్ను మినహాయింపు, సిడ్బీ చేతుల మీదుగా 10,000 కోట్ల నిధి ప్రకటించింది. మర్నాడు జనవరి 17న అదే గచ్చిబౌలిలోని హైదరాబాద్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నం. తనకు 7 నెలల ఫెలోషిప్ రావాలని రాసిపెట్టి పోయిండు. కంపెనీలకు కోట్లు దొరికిన రాజ్యానికి ఒక దళిత పరిశోధకుని ఫెలోషిప్ ఇయ్యనీకి చేతులు రాలేదు.

మన పిల్లల సంగతీ అంతే. ఫీజు రీయింబర్స్‌మెంట్ సర్కారు కట్టలేదని కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు బిగబట్టుకుంటున్నయి. బకాయిల కోసం 2025లో కాలేజీలే బంద్ పెట్టినయి. స్టార్టప్ వాడేమో సోమవారమే వచ్చి చేరమంటడు. సర్కారు బాకీ పడితే కొలువు పోయేది మాత్రం వాడపిల్లకు.

తీరా దొరికిన కొలువు ఎట్లుంటది? మూడు నెలలు జీతం లేని ఇంటర్న్‌షిప్ అంటరు. హైదరాబాద్‌లో సొంత ఫ్లాటున్నోడి కొడుకు చేస్తడు, హాస్టల్ కట్టాల్సిన మనోడు ఎట్ల చేస్తడు? జీతం తక్కువ, కంపెనీలో వాటా ఇస్తం అంటరు. ఆ వాటా చేతికి రానీకి మామూలుగా నాలుగేండ్లు పడతది, మొదటి ఏడాది నిండకముందే వెళ్లగొడితే ఏమీ రాదు. కంపెనీ మునిగితే వాటా చిత్తు కాగితమే. పంటల్ల పాలు ఇస్తనని దొర చెప్పిన మాట నమ్మి జీతమున్న తాతలు మనకు తెలుసు. 20 మంది లోపు పనిచేసే కంపెనీకి పీఎఫ్ కట్టాలన్న నిర్బంధం లేదు, ఇది గుర్తుంచుకోండి. చేరేముందు జీతమెంతో, ఏ తారీఖున ఇస్తరో కాగితం మీద రాయించుకోవాలె. కొలువు ఇప్పిస్తమని లక్షలు అడిగే కన్సల్టెన్సీలకు మాత్రం ఉన్న అరెకరం అమ్మి కట్టొద్దు.

అట్లని స్టార్టప్‌లు మనకొద్దని మేము అనటంలేదు. మాదిగలు 30 ఏండ్లు దండోరా వేసి 2025లో వర్గీకరణ సాధించుకున్నరు. కానీ మాల పిల్లకైనా మాదిగ పిల్లకైనా ఆ 15 శాతం సర్కారు గేటు దాకనే. గేటు అవతల పంచుకోనీకి ఏమున్నది? 2006లో ప్రైవేటు రిజర్వేషన్ల మాట వస్తే పారిశ్రామికవేత్తల సంఘాలు చట్టం వద్దు, స్వచ్ఛందంగా చేస్తమన్నయి. 20 ఏండ్లు చూసినం, చాలు.

పేరు, కాలేజీ చూడకుండ మనిషిని ఎంచే తొవ్వ లేదా అంటే ఉన్నది. ట్రిపుల్‌బైట్ అనే అమెరికా కంపెనీ 2015లో మొదలై, బయోడేటా పక్కనపెట్టి, పరీక్ష పెట్టి, గెలిచిన ఇంజనీర్లను స్టార్టప్‌లకు పంపింది. 2023లో వేరే కంపెనీ దాన్ని కొనేసింది. వ్యాపారం నిలవలేదు గాని పద్ధతి నడిచింది. లాభం చూసుకోవాల్సిన కంపెనీ చేసిన పని లాభంతో పనిలేని సర్కారు ఎందుకు చెయ్యదు?

కాబట్టి మేము అడిగేది ఇది. టీ-హబ్‌లోనూ జిల్లా ఐటీ హబ్‌లలోనూ చోటు తీసుకున్న ప్రతి కంపెనీ ఎంతమందిని తీసుకున్నదో, అందుల ఎస్సీ, ఎస్టీ, బీసీలెందరో ఏటా గోడకు అంటించాలె. తొలి పరీక్ష పేరు దాచి పెట్టాలె. ఇంటర్న్‌షిప్‌కు జీతమియ్యాలె. 2024లో ఇంటింటికీ తిరిగి కులం రాసుకొని ఎస్సీలు 17.43 శాతమని లెక్క తేల్చిన ప్రభుత్వానికి, తన భవనంలో కూసున్నోళ్ల లెక్క తీయడం చేతగాదా?

మన సంఘాలు సర్కారు కోసం కూసోవద్దు. ప్రతి ఊరిలో బీటెక్, ఎంసీఏ చదివిన పిల్లల పేరు, నేర్చిన పని, సర్టిఫికెట్లు కాలేజీలో చిక్కుకున్నయా లేదా అన్నది ఒక నోటుబుక్కుల రాయండి. ఆడపిల్లలను విడవొద్దు, పెండ్లి చేస్తం ఇక కొలువెందుకు అనే తండ్రులతో ఓపికగా మాట్లాడండి. ఇప్పటికే కొలువుల్ల ఉన్న మనోళ్ల జాబితా విడిగా తయారుచేయండి. వాళ్లకు రిఫరల్ ఉంటే మన పిల్లలకు మనమే రిఫరల్ కావాలె. ఏప్రిల్ 14 లోపు మూడు పట్టణాల జాబితాలు ఒక్కచోట చేర్చి, ముందుగాల సూర్యాపేట ఐటీ హబ్ గేటు కాడికి పోదాం.

జై భీమ్!