గాల్లో ముప్పావు గంట, నేల మీద మూడు గంటలు

‘విజయవాడ టు విశాఖ ఫ్లైట్ టైమ్’ అని ఫోన్‌లో కొట్టండి. గంట, అటూఇటూగా గంటా ఐదు నిమిషాలు అని వస్తుంది. దూరం దాదాపు 290 కిలోమీటర్లు. రైలు మార్గమైతే 350. అంకెలన్నీ కరెక్టే. వాటిని మాత్రమే నమ్ముకుని ఇంటర్వ్యూకి బయల్దేరితేనే చిక్కు.

290 అంటే మ్యాప్ మీద గన్నవరం నుంచి విశాఖ ఎయిర్‌పోర్టు దాకా స్కేలు పెట్టి గీసిన గీత. సరదా ఏంటంటే, ఆ గీత రాజమండ్రి మీదుగానే పోతుంది. రైలూ అటే, హైవే కూడా అటే. అందుకే విమానం మనకి మిగిల్చేది 60 కిలోమీటర్లే. మధ్యలో కొండలో సముద్రమో అడ్డొచ్చే ఊళ్లకైతే లాభం బాగా కనిపించేది.

ఇక ఆ గంట. అది గాల్లో ఉన్నంతసేపు కాదు. విమానం పార్కింగ్ నుంచి కదిలినప్పటి నుంచి అవతల పార్కింగ్‌లో ఆగేదాకా వేసిన లెక్క. గాల్లో ఉండేది మహా అయితే ముప్పావు గంట. ప్రొపెల్లర్లుండే ఏటీఆర్ గంటకి 500 కిలోమీటర్లు పోతుంది, ఎయిర్‌బస్ జెట్ 800 దాటుతుంది. కానీ ఇంత దగ్గర ఊళ్ల మధ్య జెట్ పూర్తి వేగం అందుకునేసరికే దిగే టైమ్ అవుతుంది. కాబట్టి ‘ఏటీఆరా, బాబోయ్ స్లో’ అని మొహం చిట్లించకండి. తేడా పది నిమిషాలు కూడా ఉండదు.

అసలు టైమంతా నేల మీదే పోతుంది. బెజవాడ నుంచి గన్నవరం 20 కిలోమీటర్లు. చెక్-ఇన్ కౌంటర్ చాలా ఎయిర్‌లైన్స్ గంట ముందే మూసేస్తాయి. దిగాక బ్యాగు, క్యాబు, ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్. గుమ్మం నుంచి గుమ్మానికి లెక్కేస్తే తక్కువలో తక్కువ మూడున్నర, నాలుగు గంటలు. వందే భారత్ స్టేషన్ నుంచి స్టేషన్‌కి నాలుగు, నాలుగున్నర గంటలు. రెండు స్టేషన్లూ ఊరి నడిమధ్యే! అదే విమానం భోగాపురంలో దిగిందనుకోండి, అక్కడి నుంచి విశాఖ ఇంకో 45 కిలోమీటర్లు. ఫోన్ మాత్రం అప్పుడూ గంటే అంటుంది.

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. “అన్నా, ఎల్లుండి పదకొండింటికి వైజాగ్‌లో ఇంటర్వ్యూ. ఫ్లైట్ గంటేగా, పొద్దున్నే ఎక్కేస్తా” అన్నాడు. బుక్ చేసే ముందు స్క్రీన్‌షాట్ పంపరా అన్నాను. చూస్తే వయా హైదరాబాద్! ఆ పొద్దున డైరెక్ట్ ఫ్లైట్ లేదట. అంటే ముందు పడమరకి 265 కిలోమీటర్లు, మళ్లీ తూర్పుకి 510. మొత్తం 775. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించడమంటే ఇదే. శంషాబాద్‌లో రెండు గంటలు కూర్చోవడం దీనికి అదనం. మొదటి ఫ్లైట్ కాస్త లేటైతే రెండోది పోయినట్టే, దాంతోపాటు ఉద్యోగం కూడా.

డైరెక్ట్ ఉంటే, టికెట్ ధర అందుబాటులో ఉంటే విమానం మంచిదే. ఓ గంట కలిసొస్తుంది. ఒక్క స్టాప్ ఉన్నా మాత్రం ఈ దారిలో రైలుకే నా ఓటు.

వాడికి ముందురోజు సాయంత్రం వందే భారత్‌లో సీటు దొరికింది. రాత్రి పొద్దుపోయాక దిగుతావు, స్టేషన్ పక్కనే రూమ్ చూసుకోమన్నాను.

“రూమ్ డబ్బులెవరిస్తారన్నా?” అన్నాడు. ఫోన్‌పే చేశాను.