ఇన్ని గోలీలు దేనికి బిడ్డా?

ప్రతి ఆదివారం ఫోన్లో తిన్నవా, పండుకున్నవా అన్నీ అయిపోయాక, మా అమ్మ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. నాకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, పొట్టిగా బీపీడీ, ఉందని డాక్టరు చెప్పి మూడేళ్లయింది. ఈ కాలమ్‌లో అప్రైజళ్ల గురించి, అద్దె ఇళ్ల ఓనర్ల గురించి రాశాను గానీ దీని జోలికి ఎప్పుడూ రాలేదు. ఈ వారం వస్తున్నాను. అమ్మ అడిగేది న్యాయమైన ప్రశ్న. ఆ గోలీలు మింగేవాళ్లలో చాలామందికి దీని జవాబు ఎవరూ విడమరిచి చెప్పరు.

పేరులో పర్సనాలిటీ అని ఉండటంతో జనం దీన్ని గుణం అనుకుంటారు. "ఆ పిల్లకి కోపం జాస్తి" అనేసి ఊరుకుంటారు. డాక్టర్లు చూసేది తొమ్మిది లక్షణాలు. వాటిలో కనీసం ఐదు ఉంటేనే బీపీడీ అంటారు. దగ్గరివాళ్లు వదిలేసి పోతారన్న భయం, గంటల్లో తలకిందులయ్యే మనసు, లోపలంతా బోలుగా ఉండటం, తనకు తాను హాని చేసుకోవడం లాంటివి అవి. తొమ్మిదోది 1994లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో చేరింది. ఒత్తిడి పెరిగినప్పుడు కాసేపు లేనిపోని అనుమానాలు రావడం, లేదా తీవ్రమైన డిసోసియేషన్. నన్ను ఎక్కువ సతాయించేది ఇదే.

అదెలా ఉంటుందో చెప్తాను. మీటింగ్‌లో మేనేజర్ గొంతు కాస్త లేచింది అనుకోండి. నాకూ ఆయనకూ మధ్య గాజు తెర దిగినట్టు అవుతుంది. నేను జవాబు చెప్తూనే ఉంటాను, ఆ గొంతు నాది కాదనిపిస్తుంది. కీబోర్డు మీద వేళ్లు ఇంకెవరివో. ఓసారి మెట్రోలో కూకట్‌పల్లిలో దిగాల్సినదాన్ని, చివరి స్టేషన్ మియాపూర్‌లో తేలాను. మధ్యలో స్టేషన్లు ఏమయ్యాయో నాకు తెలీదు. నిద్రపోలేదు, కళ్లు తెరిచే ఉన్నాయి.

ఊళ్లో అయితే గాలి సోకింది అనేవాళ్లు. గాలీ కాదు, పిచ్చీ కాదు. నిజంగా తెర ఉందని నేను నమ్మను. ఉన్నట్టు అనిపిస్తోందని నాకు తెలుస్తూనే ఉంటుంది. ఈ తేడా చాలా ముఖ్యం. భ్రమల జబ్బుకి వాడే మందు దీనికీ పనిచేయాలని ఏం లేదు. నా మట్టుకు నేను దీన్ని ఎంసీబీ అనుకుంటాను. ఇంట్లో లోడు పెరిగితే వైర్లు కాలకుండా అది పడిపోతుంది చూడండి, అలా. చిక్కేంటంటే నాది గీజరు వేసినా పడిపోతుంది, సెల్లు చార్జింగ్ పెట్టినా పడిపోతుంది.

ఇప్పుడు గోలీల సంగతి. బీపీడీకి అంటూ అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మందు ఒక్కటీ లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2009లోనే స్పష్టంగా చెప్పింది: ఈ జబ్బుకి గానీ, దాని విడి విడి లక్షణాలకి గానీ మందులు వాడొద్దు. తోడుగా డిప్రెషన్ లాంటిది ఉంటే దానికి వాడొచ్చు. మరీ గడ్డు పరిస్థితి వస్తే మత్తు మందు ఇవ్వొచ్చు, అదీ వారం దాటకూడదు. మూడ్ కుదురుగా ఉంచుతుందని చాలామందికి రాసే లామోట్రిజిన్‌ని 276 మంది మీద ఏడాది పాటు పరీక్షించారు. 2018లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి బిళ్ల కంటే మేలేమీ కనపడలేదు. డిసోసియేషన్‌కి ప్రత్యేకంగా, మందు మాన్పించడానికి వాడే నాల్ట్రెక్సోన్‌ని కూడా ప్రయత్నించారు. 2012లో వచ్చిన చిన్న పరీక్షల్లో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మరి నేనెందుకు వేసుకుంటున్నాను? నాకు డిప్రెషన్ కూడా ఉంది. దానికి ఒక బిళ్ల. అది వేసుకుంటే నిద్ర కుదిరింది, నిద్ర కుదిరితే ఎంసీబీ తక్కువసార్లు పడుతోంది. మందు తెరని తీయదు, తెర దిగే సందర్భాలు తగ్గుతాయి, అంతే. మొదట్లో నగరంలో ఓ క్లినిక్‌లో ఏడు నిమిషాల్లో నాలుగు రకాలు రాసిచ్చారు. ఏది దేనికని అడిగితే "వేసుకోండమ్మా, తగ్గిపోతుంది" అన్నారు. ఆ నాలుగింటిలో అల్ప్రాజోలం ఒకటి. అవును, మన దగ్గర కల్తీ కల్లులో కలిపేది అదే. అరగంటలో ప్రపంచం మెత్తబడేది, నిజమే. కానీ ఆ మెత్తదనం తెరకి తమ్ముడే. 1988లో అమెరికాలో బీపీడీ ఉన్న మహిళల మీద చేసిన ఓ చిన్న అధ్యయనంలో, అల్ప్రాజోలం వాడినప్పుడు అదుపు తప్పి ప్రవర్తించడం ఇంకా పెరిగిందని తేలింది. ఇప్పటి డాక్టరమ్మ దాన్ని నెలల తరబడి, కొంచెం కొంచెంగా తగ్గించి ఆపేశారు.

కొంచెం కొంచెంగా అన్న మాట దాటేయకండి. ఇది చదివి ఎవరైనా రేపట్నుంచి బిళ్లలు చెత్తబుట్టలో వేస్తారేమోనని నాకు భయం. అల్ప్రాజోలం లాంటివి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డిప్రెషన్ మందులు చటుక్కున మానితే తల తిరగడం, తలలో షాక్ కొట్టినట్టు ఉండటం, పైగా చుట్టూ ఉన్నదంతా నిజం కాదేమో అనిపించడం కూడా ఉంటాయి. అంటే మందు మానగానే తెర దిగిందంటే, ఆ మందు తెరకి పనిచేస్తోందని అర్థం కాదు. అది మానడం వల్లే దిగి ఉండొచ్చు. బగ్గు ఎక్కడుందో తెలీకుండా కోడ్ తీసేయొద్దని మా టీంలో కొత్త పిల్లలకి చెప్తుంటాను, ఇదీ అలాంటిదే.

తెర మీద నేరుగా పనిచేసేది శిక్షణ. అమెరికా సైకాలజిస్టు మార్షా లినెహన్ తయారుచేసిన డీబీటీ అనే పద్ధతి మీద మొదటి పెద్ద పరీక్ష 1991లో వచ్చింది. తనే పదిహేడేళ్ల వయసులో మానసిక ఆసుపత్రిలో గడిపానని ఆవిడ 2011లో గానీ బయటికి చెప్పలేదు. చదివినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో! అయితే డిసోసియేషన్ ఎక్కువున్నవాళ్లకి ఈ చికిత్స తక్కువ ఫలితం ఇచ్చిందని అదే ఏడాది ఇంకో అధ్యయనం చెప్పింది. నాకు ఆశ్చర్యం వేయలేదు. తెర వెనక కూర్చున్నవాళ్లకి పాఠం ఎక్కడ ఎక్కుతుంది? అందుకే మా థెరపిస్టు ముందు నన్ను గదిలోకి తీసుకొస్తారు. అరికాళ్లు నేలకి గట్టిగా ఆనించడం, మొహం మీద చల్లటి నీళ్లు, ఎదురుగా కనపడేవాటి పేర్లు పైకి చెప్పడం. నా బ్యాగులో ఎప్పుడూ ఉప్పు వేసి ఎండబెట్టిన ఉసిరి ముక్కలుంటాయి. తెర దిగుతోందనిపించగానే ఒకటి నోట్లో. ఆ పులుపుకి చాలాసార్లు మనిషి వెనక్కి వచ్చేస్తుంది.

వినడానికి చిట్కా వైద్యంలా ఉంది కదా. కానీ ఇది ఒంటికి పట్టడానికి నాకు ఏడాదిన్నర పట్టింది, సెషన్‌కి 1,500 రూపాయలయ్యింది. బిళ్లలు నెలకి అందులో సగం కూడా కావు. పైగా దొరికిన మొదటి ఇద్దరు థెరపిస్టులూ ఇంగ్లిషులోనే మాట్లాడారు. నాకు ఏడుపు తెలుగులో వస్తుంది, ఏం చేయను? మందుల షాపు వీధికొకటి ఉంది, తెలుగులో డీబీటీ నేర్పేవాళ్లు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకరు. జనం బిళ్లల మీదే ఆగిపోవడానికి కారణం మొండితనం కాదని నా అభిప్రాయం. డబ్బు లేనివాళ్లకి ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. చచ్చిపోవాలనిపించినా, చేయి ఒంటి మీదికి పోతున్నా, అర్ధరాత్రయినా సరే 14416 టెలిమానస్‌కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఎన్నాళ్లు అన్నదానికి కూడా ఒక లెక్క ఉంది. అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రిలో మేరీ జనారిని బృందం బీపీడీతో చేరిన 290 మందిని ఏళ్ల తరబడి గమనించింది. పదేళ్లలో 93 శాతం మందికి లక్షణాలు కనీసం రెండేళ్ల పాటు తగ్గి ఉన్నాయి. ఉద్యోగం, మనుషులతో సంబంధాలు కూడా బాగా కుదురుకున్నవాళ్లు సగం మంది. ఆ రెండో అంకె దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. లక్షణాలు తగ్గడం వేరు, బతుకు నిలబడటం వేరు.

మిగిలిన ఆ ఒక్క బిళ్లనీ తగ్గించి చూద్దామా అని పోయిన నెల అడిగాను. "రిలీజ్ ఎప్పుడు?" అన్నారు డాక్టరమ్మ. వచ్చే నెలాఖరుకి అన్నాను. అది అయ్యి, రెండు వారాలు సరిగ్గా నిద్రపోయాక రమ్మన్నారు. క్యాలెండర్‌లో రాసుకున్నాను.