పైఅంతస్తు అద్దె ఇల్లు.. ఆ వేడి ఎవరి ఖాతాలో?

వేసవిలో నీరసం, తలనొప్పి, నిద్రలేదంటూ ఓపీకి వచ్చేవారిని ‘మీది పైఅంతస్తా?’ అని అడుగుతుంటాను. పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. మందుచీటీలో దానికి మందు లేదు.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ 3 కిలోవాట్ల సోలార్‌కు రూ.78,000 సబ్సిడీ ఇస్తోంది, సొంత ఇల్లుంటేనే. తెలంగాణ కూల్‌రూఫ్ విధానమూ 600 చదరపు గజాల్లోపు స్థలాల్లోని ఇళ్లకు తప్పనిసరి కాదు. అంటే తెల్లపూత ఓనరు ఇష్టం. కూలర్ బిల్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మీ ఖర్చు. గృహజ్యోతి 200 యూనిట్లు అద్దెవారికీ ఇస్తోంది, మంచిదే. స్లాబు మాత్రం చల్లబడదు కదా! అద్దెకిచ్చిన ఇంటి పూతకూ సాయమిచ్చి, కొన్నేళ్లు అద్దె పెంచొద్దని షరతు పెట్టాలన్నది నా అభిప్రాయం.

ఈలోగా, అగ్రిమెంటుకు ముందే పూత సంగతి అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలుంటే కింది వాటానే చూసుకోండి.