పాత ఓడ - పెద్ద ఓడ

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అని తెలుగువారి సామెత. అవసరం తీరేవరకు ఆదరించి, తీరిన పిదప తృణీకరించే లోకరీతిని అది ఎత్తిచూపుతుంది. నేటి విహార నౌకల విషయంలో ఈ సామెత ఓడ నడిపేవానికి కాక ఓడకే వర్తిస్తున్నది. ఏళ్ల తరబడి యాత్రికులను మోసిన ఓడలను వదిలించుకొని, వాటి స్థానంలో అంతకు ఎన్నో రెట్లు పెద్దవైన వాటిని నిర్మించడం నౌకాసంస్థలకు పరిపాటి అయింది. ఇది ఎంతవరకు సమంజసం?

2024 జనవరిలో అమెరికాలోని మయామి రేవు నుంచి యాత్రలు ప్రారంభించిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ ఓడనే చూడండి. టన్నేజి అనేది ఓడ బరువు కాదు, ఓడ లోపలి చోటుకు కొలత. ఆ కొలతలో ఇది 2,48,000 దాటింది. 1912లో మునిగిపోయిన టైటానిక్ టన్నేజి సుమారు 46,000 మాత్రమే. ఈ కొత్త ఓడలో 7,600 మంది యాత్రికులు, వారికి తోడు రెండు వేలకు పైగా సిబ్బంది ప్రయాణించవచ్చు. ఒక పెద్ద గ్రామమే నీటిమీద కదిలిపోతున్నట్లు లెక్క.

కొత్త ఓడలను కోరేవారి వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. ఓడ పెద్దదైనకొద్దీ ఒక్కొక్క యాత్రికునిపై పడే ఖర్చు తగ్గుతుంది. కొత్త యంత్రాలు ఇంధనాన్ని పొదుపుగా వాడుతాయి. భద్రతా నియమాలు కూడా కాలంతోపాటు కఠినమవుతున్నాయి. మండే స్వభావం గల కలపను విరివిగా వాడిన పాత ప్రయాణికుల ఓడలు అంతర్జాతీయ యాత్రలు చేయరాదన్న నియమం 2010 అక్టోబరులో అమలులోకి వచ్చింది. ప్రాణాపాయం కలిగించే ఓడను కేవలం పాతదన్న మమకారంతో నడపడం వివేకం కాదు.

అయితే ఈ వాదంలో రెండు వేర్వేరు విషయాలు ఒక్కటిగా కలిసిపోయాయి. పాతదాన్ని మార్చడం ఒకటి. పెద్దదాన్ని తేవడం మరొకటి. మొదటిది అవసరం కావచ్చు. రెండవది లాభాపేక్ష. మొదటిదాన్ని చూపించి రెండవదాన్ని సమర్థించుకోవడం తగదు.

కొత్తదనం, పెద్దతనం భద్రతకు హామీ ఇవ్వలేవు. 2006లో సేవలోకి వచ్చిన ‘కోస్టా కాంకార్డియా’ 2012 జనవరిలో ఇటలీ తీరాన రాతిని ఢీకొని ఒరిగిపోయింది. అందులో నాలుగు వేలకు పైగా జనం ఉన్నారు. 32 మంది మరణించారు. ఓడకు ఆరేళ్లే, లోపం వయస్సుది కాదు, నడిపినవారి నిర్లక్ష్యానిది. ఓడ పెరిగినంత మాత్రాన రేవు పెరగదన్నది మరొక సత్యం. 25,000 టన్నేజి దాటిన ఓడలు వెనిస్ నగరం నడుమనున్న జుడెక్కా కాలువలోనికి రాకూడదని ఇటలీ ప్రభుత్వం 2021లో నిషేధించింది. అతిథుల తాకిడికి ఊరే కుంగిపోయేటప్పుడు ఆతిథ్యానికి అర్థమేముంది?

వయస్సు ఒక్కటే ఓడ తలరాతను నిర్ణయించదనడానికి మన దేశంలోనే నిదర్శనమున్నది. 2022 జూన్‌లో విశాఖ రేవుకు వచ్చిన ‘ఎంప్రెస్’ విహార నౌక మనకు కొత్తదే గాని, అది ‘నార్డిక్ ఎంప్రెస్’ అన్న పేరుతో 1990లోనే సేవలోకి వచ్చింది. అదే ఏడాది మొదలైన మరొక ఓడ 2019లో ముంబయి నుంచి ‘కర్ణిక’ అన్న పేరుతో యాత్రలు చేసింది. కర్ణిక అంటే తామరదుద్దు. 2020లో కరోనా వల్ల యాత్రలు నిలిచిపోగా, ఆ ఏడాదే దానిని గుజరాత్‌లోని అలంగ్ తీరానికి తునకలు చేయడానికి తరలించారు. ఈడు ఒక్కటే, ఒకటి యాత్రికులను మోస్తుండగా, మరొకటి తుక్కయింది. మనసుంటే పాత ఓడకు కొత్త ప్రాణం పోయవచ్చు. 1969లో సేవలోకి వచ్చిన ‘క్వీన్ ఎలిజబెత్ 2’ ఓడకు 1986-87లో ఆవిరి యంత్రాలు తీసి డీజిల్ యంత్రాలు అమర్చగా, అది 2008 వరకు సముద్రయానం చేసింది.

ఓడ తుక్కుగా మారడం అంత తేలిక కాదు. అలంగ్ తీరంలో 1983 నుంచి ఓడలను విడగొడుతున్నారు. పోటు వేళ ఒడ్డుకెక్కించిన ఓడను ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వలస వచ్చిన కూలీలు గ్యాస్ మంటతో కోస్తారు. పాత ఓడల గోడలలోని ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ముప్పు. ఓడలను సురక్షితంగా విడగొట్టడానికి ఉద్దేశించిన హాంకాంగ్ ఒడంబడిక 2009లో కుదిరినా, 2025 జూన్‌లో గాని అమలులోకి రాలేదు. విహారపు ఆనందం ఒకరిది, దాని శిథిలాల భారం మరొకరిది కావడం న్యాయమా?

కాబట్టి నౌకాసంస్థలు ప్రమాదకరమైన ఓడను తప్పక విరమించాలి, బాగుచేయదగినదాన్ని బాగుచేసుకోవాలి. కొత్తదాన్ని కట్టవలసి వస్తే రేవు భరించగల పరిమాణంలోనే కట్టాలి. పాత ఓడను కూలీలకు హాని కలగకుండా విడగొట్టే ఖర్చును, దానివల్ల లాభపడిన సంస్థలే భరించాలి. ఏరు దాటించిన ఓడను, ఆ ఓడను కోసే చేతులను కూడా గౌరవించినప్పుడే సామెతలోని నింద మనకు తప్పుతుంది.